దేవలోకంలో సర్వే



ఇవాళ మీకు ఒక టెలివిజన్ కథ గురించి చెబుతాను. బొమ్మ కనిపించని రేడియోలో బొమ్మల కథేమిటని నవ్వుకోకండి. దీన్ని తీసినవాళ్ళ దగ్గరా డబ్బు అంతంతమాత్రమే. అడవి మొత్తాన్ని స్టూడియోలోనే, దీపాల కింద, నాలుగు మొక్కలూ నాలుగు తీగలూ పెట్టి నిలబెట్టేశారు. మిగిలింది చూసేవాళ్ళ ఊహకు వదిలేశారు. నేనూ అదే పని చేస్తాను.

కథ పేరు 'కిండా'. బీబీసీ వారి 'డాక్టర్ హూ' ధారావాహికలో 1982 ఫిబ్రవరి 1, 2, 8, 9 తేదీల్లో నాలుగు భాగాలుగా వచ్చింది. ఒక్కో భాగం పాతిక నిమిషాలు. 'డాక్టర్ హూ' 1963లో మొదలైంది. దాని నాయకుడు ఈ భూమివాడు కాదు. బయటికి నీలం రంగు పోలీసు పెట్టెలా కనిపించే, లోపల ఎన్ని గదులున్నాయో తెలియని వాహనంలో కాలాల మీదుగా, లోకాల మీదుగా తిరుగుతుంటాడు. ఆ పాత్ర వేసే నటుడు మానుకున్నప్పుడల్లా డాక్టర్ శరీరం మారిపోతుంది. కొత్త నటుడొస్తాడు, కథ సాగుతుంది. మన పరిశ్రమలో హీరో మారితే సినిమా ఆగిపోతుంది కానీ వాళ్ళు దాన్నే కథలో కలిపేసుకున్నారు. 1982 నాటికి ఆ వేషం అయిదోవాడైన పీటర్ డేవిసన్‌ది.

డాక్టర్ తన తోటివాళ్ళతో దిగిన గ్రహం పేరు దేవలోక. అవును, మన దేవలోకమే. ఇంద్రుడూ రంభా లేరుగానీ మిగతా సౌకర్యాలన్నీ ఉన్నాయి. చలి లేదు, క్రూరమృగాల బెడద లేదు, ఏడాది పొడుగునా చెట్లకు పండ్లు. అక్కడుండే జనం పేరే కిండా. వాళ్ళకు ఇళ్ళు లేవు. అవసరం లేక కట్టుకోలేదు.

ఆ అడవి మధ్యలో ఒక లోహపు గుమ్మటం. అందులో జనం కిక్కిరిసిపోయిన తమ సొంత గ్రహం నుంచి వచ్చిన సర్వే బృందం. ఇక్కడికి వలస రావచ్చా, రాకూడదా అని తేల్చడం వాళ్ళ ఉద్యోగం. నాయకుడు శాండర్స్, భద్రతాధికారి హిండిల్, శాస్త్రవేత్త టాడ్ అనే ఆవిడ. ఇంకో ముగ్గురు ఉండేవాళ్ళు, అడవిలోకి వెళ్ళి తిరిగి రాలేదు. శాండర్స్ తలమీద సోలా టోపీ. మన తాతలు తాలూకా కచ్చేరీల్లో దొరల నెత్తిన చూసిన టోపీయే, నక్షత్రాలు దాటి వెళ్ళినా మారలేదు. శాండర్స్ అన్న పేరు కూడా ఊరికే పెట్టింది కాకపోవచ్చు. ఎడ్గార్ వాలెస్ 1911లో ఆఫ్రికాలోని ఒక బ్రిటిష్ జిల్లా అధికారి మీద రాసిన కథల పుస్తకం 'శాండర్స్ ఆఫ్ ది రివర్'. 1935లో సినిమాగా కూడా వచ్చింది. ఇంగ్లండులో ఒక వయసువాళ్ళకు ఆ పేరు వినగానే ఆ దొరే గుర్తుకొస్తాడు.

ఆ వేషం వేసినవాడు రిచర్డ్ టాడ్. 1944 జూన్ 6న నార్మండీలో పారాచూట్ దళంతో నిజంగా దిగిన సైనికుడు. 'ది డ్యామ్ బస్టర్స్' సినిమాలో వీరనాయకుడు. బ్రిటిష్ ప్రేక్షకులకు అతని ముఖమంటే యుద్ధం గెలిచిన తరం ముఖం. ఆ ముఖాన్ని తెచ్చి ఈ కథ ఏం చేసిందో కాసేపట్లో చెబుతాను.

గుమ్మటంలో ఇద్దరు కిండా మగవాళ్ళను బంధించి పెట్టారు. వాళ్ళు చేసిన తప్పేమీ లేదు. పోయిన ముగ్గురూ తిరిగి వచ్చేదాకా జామీను, అంతే. వాళ్ళు అమాయకులనీ, అనాగరికులనీ శాండర్స్ నమ్మకం. శాస్త్రవేత్త టాడ్‌కు మాత్రం ఒక అనుమానం ఉంది. వాళ్ళ మెడలోని గొలుసులు రెండు పోగులు మెలిపెట్టినట్టు, అచ్చం డీఎన్ఏ బొమ్మలా ఉంటాయి. ఇది యాదృచ్ఛికమా అని ఆవిడ అడుగుతుంది. శాండర్స్‌కు ఆ ప్రశ్నే పట్టదు. యంత్రం లేని తెలివి కూడా ఉంటుందని అతనికి ఎవరూ నేర్పలేదు.

నాకు ఈ కథలో బాగా నచ్చేది భద్రతాధికారి హిండిల్. సైమన్ రౌస్ అనే నటుడు ఆ పాత్రను దాదాపు భరించలేనంత బాగా చేశాడు. శాండర్స్ తప్పిపోయినవాళ్ళను వెతకడానికని యంత్రకవచంలో అడవిలోకి పోతూ పెత్తనం హిండిల్‌కు అప్పగిస్తాడు. అప్పటికే వీడికి మతి చలించింది. బందీలిద్దరికీ ఒక అద్దం చూపిస్తాడు. తమ ఆత్మలు అందులో చిక్కుకున్నాయని నమ్మి వాళ్ళు వాడు చెప్పిందల్లా చేస్తుంటారు. పూసలూ అద్దాలూ ఇచ్చి భూములు రాయించుకున్న చరిత్ర ఎన్ని ఖండాల్లో ఉందో మీకు తెలుసు. రచయిత ఆ చరిత్ర పాఠం చెప్పకుండా ఒక అద్దం పట్టుకొచ్చి వాడి చేతిలో పెట్టి ఊరుకున్నాడు.

హిండిల్‌కు కిండా జనమంటే భయం లేదు. వాడి భయమంతా చెట్లంటే! విత్తనాలు గాలిలో తేలివచ్చి, పగుళ్ళలో వేళ్ళూని, తమను మింగేస్తాయని వాడి లెక్క. గుమ్మటం చుట్టూ యాభై మైళ్ళ అడవిని నిప్పుతోనూ ఆమ్లంతోనూ మసి చేయాలని పథకం వేస్తాడు. అదీ చాలక చివరికి గుమ్మటాన్నే పేల్చేయడానికి మందుపాతర్లు పెట్టిస్తాడు. తలుపులన్నీ మూసి, అందరినీ ఖైదు చేసి, లోపల కూర్చుని అట్టముక్కలతో చిన్న చిన్న మనుషుల బొమ్మలు చేసుకుంటూ ఆడుకుంటుంటాడు. ఒక బొమ్మ పాడైతే, అతికించుకోవచ్చులే అని డాక్టర్ సముదాయించబోతాడు. మనుషుల్ని ఎలా అతికిస్తారని వాడు బావురుమంటాడు. వాడి ఏడుపు నిజమే. అట్టబొమ్మలో మనిషి కనిపించినవాడికి పక్కనే ఊపిరి పీలుస్తూ నిలబడ్డ బందీలో కనిపించడు.

ఇప్పుడు శాండర్స్ సంగతి. అడవిలో అతనికి పన్నా అనే గుడ్డి ముసలావిడ, ఆవిడ వెంట ఉండే కరుణ అనే పిల్ల ఎదురవుతారు. ఒక పెట్టె ఇచ్చి తెరవమంటారు. తెరుస్తాడు. తిరిగి గుమ్మటానికి వచ్చింది ఆరేళ్ళ పిల్లవాడు. ఒంట్లో కాదు, మనసులో. నార్మండీలో దిగిన ఆ ముఖం మీద పసినవ్వు! హిండిల్ పక్కన చతికిలబడి అతనూ బొమ్మలాట మొదలుపెడతాడు. సామ్రాజ్యం మీద నేను చూసిన వెటకారాల్లో ఇంత నెమ్మదైనదీ, ఇంత లోతుగా తగిలేదీ ఇంకొకటి లేదు. గమ్మత్తేమిటంటే, ఆ పెట్టె తెరిచిన ఏ మగవాడికైనా మతి నిలవదట. డాక్టర్ తెరిస్తే ఏమీ కాలేదు. దాంతో పన్నా, అయితే వీడు మొదటే వెర్రివాడై ఉంటాడని తేల్చేసింది.

పేర్లు విని మీకు అనుమానం వచ్చే ఉంటుంది. పన్నా అంటే ప్రజ్ఞ, ఆ పెట్టె పేరు ఝాన, అంటే ధ్యానం. డాక్టర్ వెంట వచ్చిన టీగన్ అనే ఆస్ట్రేలియా అమ్మాయి, అడవిలో గాలికి మోగే స్ఫటికాల కింద ఒంటరిగా నిద్రపోతుంది. కలలో చీకట్లో ఆమెను వేధించేవాళ్ళ పేర్లు దుక్క, అనత్త, అనిచ్చ. వాళ్ళ వెనకాల ఉన్న శక్తి మార. కథ రాసిన క్రిస్టఫర్ బెయిలీ బౌద్ధంలో మునిగిన మనిషి. ఇంగ్లండులో ఆ రాత్రి టీవీ ముందు కూర్చున్నవాళ్ళలో నూటికి తొంభైమందికి ఇవన్నీ వింత గ్రహం పేర్లుగానే తోచి ఉంటాయి. మనకలా కాదు. బుద్ధుడి మీద మారుడి దండయాత్ర అమరావతి, నాగార్జునకొండ శిల్పుల చేతుల్లో పాలరాతిలాంటి సున్నపురాతి మీద ఎప్పుడో చెక్కించుకున్న దృశ్యం. ఆ అమరావతి రాళ్ళలో కొన్ని ఇప్పుడు లండన్‌లో, బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అమరావతి స్తూపం దిబ్బను తొలినాళ్ళలోనే చూసి బొమ్మలు గీయించిన కోలిన్ మెకంజీ కూడా సర్వే ఉద్యోగే. తర్వాత భారతదేశానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. మెకంజీ హిండిల్ లాంటివాడు కాడు, మన ఊళ్ళ చరిత్రలు చెప్పే కైఫియ్యతులు ఆ మాత్రం మిగిలాయంటే ఆయన చలవే. అయినా సర్వే వెంట ఏమేం వస్తాయో, ఏమేం వెళ్ళిపోతాయో చెప్పడానికి ఈ ఒక్క దిబ్బ చాలు.

మళ్ళీ కథలోకి వద్దాం. కిండాల్లో మాట్లాడే శక్తి స్త్రీలది, అందులోనూ జ్ఞానం ఉన్నవాళ్ళది. మగవాళ్ళు మూగవాళ్ళు. వాళ్ళు మనసుతో మనసు పంచుకుంటారు, కలలు కూడా కలిసే కంటారు. ఒంటరిగా కలగనడం ప్రమాదమని వాళ్ళ ఎరుక. అన్యులను వాళ్ళు 'మనం కానివాళ్ళు' అంటారు. ఒంటరిగా నిద్రపోయిన టీగన్‌ను మార లొంగదీసుకుంటుంది. ఆమె చేతిమీద పాము పచ్చబొట్టు. ఆ పాము ఆమె చేతినుంచి పాకి ఆరిస్ అనే కిండా యువకుడి చేతికి ఎక్కుతుంది. ఎక్కగానే ఆరిస్‌కు నోరు వస్తుంది. గుమ్మటంలో ఉన్న ఇద్దరు బందీల్లో ఒకడు ఆరిస్ తోడబుట్టినవాడు. నోరు వచ్చిన ఆరిస్ తనవాళ్ళను కూడగట్టి, ఆక్రమించినవాళ్ళను తరిమికొడదామని బయలుదేరతాడు. దొరల యంత్రకవచం చూశాడు కదా, అచ్చం అలాంటిదే కర్రలతో, తీగలతో కట్టి, అందులో దూరి, ముందు నడుస్తాడు. కర్ర ట్యాంకు. అది పేలదని వాళ్ళకు తెలియదు.

ఇక్కడే నాకు ఈ కథతో పేచీ.

వలసవాదిని ఇంత సూటిగా, ఇంత ధైర్యంగా చూసిన రచయిత, వలసకు ఎదురు తిరిగినవాడి దగ్గరికి వచ్చేసరికి ఏం చేశాడో చూడండి. ఆ గ్రహం మీద నోరు తెరిచి 'పొండి' అన్న ఒకే ఒక్క మగవాడి గొంతు వాడిది కాదట. అది మార గొంతు. బందీగా ఉన్న రక్తసంబంధి కోసం వచ్చిన కోపం కూడా దయ్యం కోపమే అయింది. అతను ఓడిపోవాలి, పాము దిగిపోవాలి, అప్పుడే లోకానికి శాంతి. హిండిల్ చేసినదానికి పెట్టెలో ఇంత ధ్యానం దొరికింది, తెరవగానే వాడికి నయమైపోయింది. ఆరిస్‌ను మాత్రం చుట్టూ అద్దాలు నిలబెట్టి ముట్టడించాల్సి వచ్చింది.

బౌద్ధం వైపునుంచి బెయిలీకి జవాబు ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయలేను. శిల్పంలో మారుడి సేన చుట్టుముట్టినా బోధివృక్షం కింద కదలిక ఉండదు, ఆ కదలకపోవడమే గెలుపు. ద్వేషంతో లేచినవాడు తాను ద్వేషించినవాడి ఆకారాన్నే తొడుక్కుంటాడని ఆ కర్ర ట్యాంకు చెబుతోంది. నిజానికి అది గొప్ప దృశ్యం. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత పాత దొరల కుర్చీలు, పాత దొరల చట్టాలు మనవాళ్ళే ఎంత ఇష్టంగా తొడుక్కున్నారో చూసిన దేశం వాళ్ళం, మనకు అది వేరే చెప్పక్కర్లేదు. కాలచక్రం తిరుగుతుంది, నాగరికతలు లేస్తాయి, కూలుతాయి, మళ్ళీ మొదలు. పన్నా చనిపోయే ముందు డాక్టర్‌కు చూపించే దర్శనం సారాంశం అదే. దర్శనం అందంగానే ఉంది. కానీ చెట్టు కింద కూర్చున్న సిద్ధార్థుడి తమ్ముణ్ణి ఎవరూ గుమ్మటంలో బంధించలేదు.

నేను విశాఖ మన్యం గుర్తు తెచ్చుకోకుండా ఆరిస్‌ను చూడలేను. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక కొండ మీద పోడు కొట్టుకునేవాడు తన అడవిలోనే దొంగయ్యాడు. గూడెంలో బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు చాలీచాలని కూలికి కొండవాళ్ళ చేత రోడ్లు వేయించాడు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మనుషులు వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. వాళ్ళు కర్రతో తుపాకీ చెక్కుకోలేదు, అసలు తుపాకులే తీసుకున్నారు. ఆ పోరాటంలో గాం గంటం దొర, గాం మల్లు దొర అన్నదమ్ములు. 1923లో మల్లు దొర పట్టుబడ్డాడు. తమ్ముడు సర్కారు చేతిలో బందీ, అన్న అడవిలో. గంటం దొర ఆగలేదు. 1924 మే నెలలో సీతారామరాజును కాల్చి చంపారు, తర్వాతి నెలలో గంటం దొరనూ చంపారు. ఆ అన్న కోపం ఏ మారుడిదని చెప్పాలి?

మన్యం మనుషులను దేవతలను చేయాలని కాదు నా ఉద్దేశం. వాళ్ళలోనూ పరువు కోసం, పదవి పోయిన కసితో వచ్చినవాళ్ళున్నారు. గాం సోదరులకే ఆ ఫిర్యాదు ఉంది. కోపం ఎప్పుడూ శుద్ధంగా ఉండదు. అయినా దానికి కారణం బయట, కచ్చేరీలో, చట్టం పుస్తకంలో ఉంటుంది. 'కిండా' దాన్ని మనిషి లోపలికి నెట్టేసింది. చెడు తన ముఖం తాను చూసుకోలేదు కనుక అద్దాల వలయంలో బంధిస్తే పోతుందన్నది కథ పరిష్కారం. హిండిల్ బందీలను లొంగదీసుకున్నదీ అద్దంతోనే, మారను లొంగదీసుకున్నదీ అద్దాలతోనే. రాత పరంగా ఇది అద్భుతమైన జోడింపు, ఒప్పుకుంటాను. రాజకీయంగా మాత్రం ఆక్రమించినవాడి పిచ్చినీ, ఆక్రమణకు గురైనవాడి తిరుగుబాటునూ ఒకే మందుతో నయం చేశాడు వైద్యుడు.

అన్నట్టు, ఆ అద్దాల మధ్యలో మార పెరిగి పెద్ద పాము అవుతుంది. ఆ పాము గురించి ఇప్పటికీ నవ్వుకుంటారు. గాలి ఊదిన గులాబీరంగు రబ్బరు పాము, తీర్థంలో బూర అమ్మేవాడి దగ్గర ఇంతకన్నా భయంకరమైనవి దొరుకుతాయి. 2011లో డీవీడీ తెచ్చినప్పుడు కావలసినవాళ్ళు చూసుకోవడానికి కంప్యూటర్‌తో గీసిన పామును విడిగా చేర్చారు. నేను రబ్బరు పామునే చూస్తాను. దర్శకుడు పీటర్ గ్రిమ్‌వేడ్ దగ్గర ఉన్నది అదే కదా. ఇలాంటి లోపాల మధ్య కూడా ఆ కథను పట్టించుకున్నవాళ్ళున్నారు. 1983లో జాన్ టుల్లోచ్, మాన్యుయెల్ అల్వరాడో అనే ఇద్దరు 'డాక్టర్ హూ' మీద ఒక విద్యాగ్రంథం రాస్తే, అందులో 'కిండా' ఎలా తయారైందో దగ్గరుండి పరిశీలించి రాశారు.

అదే ధారావాహికలో పదేళ్ళ ముందు, 1972లో, 'ది మ్యూటెంట్స్' అనే ఆరు భాగాల కథ వచ్చింది. అందులో సోలోస్ అనే గ్రహానికి భూమి సామ్రాజ్యం స్వాతంత్ర్యం ఇచ్చేయబోతుంటుంది. కారణం దయ కాదు, బొక్కసం ఖాళీ. దొరలకూ స్థానికులకూ వేరువేరు ద్వారాలు. అప్పటి దక్షిణాఫ్రికాను అంతకన్నా స్పష్టంగా చూపనక్కర్లేదు. పదవి పోతుందన్న భయంతో అక్కడి మార్షల్, స్వాతంత్ర్యం ప్రకటించడానికి వచ్చిన తన పై అధికారినే చంపించేస్తాడు. కళాపరంగా 'కిండా' కాలిగోటికి చాలదు, ఆరు భాగాలంటే మూడు ఎక్కువే. అయినా అందులో 'కై' అనే స్థానిక యువకుడు దొరలతో పోట్లాడతాడు, ఏ పామూ ఎక్కకుండానే. తన మాటలు తనవే. బ్రిటిష్ వలసలు ఒక్కొక్కటే జెండా దించుతున్న రోజులకు దగ్గరగా రాసిన కథ కనుక, అలాంటి యువకుణ్ణి పేపర్లలో చూసి ఉంటారు రచయితలు. 1982 నాటికి ఇంగ్లండులో సామ్రాజ్యం ఒక జ్ఞాపకం, ఒక అపరాధభావం. అపరాధభావంతో రాసినవాడు దొరను బాగా చూడగలడు. అవతలివాణ్ణి చూడ్డానికి అది చాలదు. 'కిండా' ప్రసారమైన రెండు నెలలకే ఫాక్‌లండ్ దీవుల కోసం బ్రిటిష్ నౌకాదళం బయలుదేరిందనుకోండి, అది వేరే కథ.

ఇంకో చిన్న సంగతి చెప్పాలి. కిండా జనం వేషాలు వేసినవాళ్ళందరూ తెల్లవాళ్ళే. రంగు పూసి నల్లవాళ్ళుగా చూపించలేదు, అది మేలే. పాలకులూ పాలితులూ ఒకే రంగులో ఉండడం వల్ల, కథ ఏ ఒక్క దేశానికీ అంటుకోకుండా తేలిపోతుంది. అది తేలిక చేసిందా, పలచన చేసిందా అన్నది ఎన్నిసార్లు చూసినా నాకు తేలలేదు.

అంతా అయ్యాక శాస్త్రవేత్త టాడ్ ఇంత పచ్చదనం తనకు పడదని చెప్పి సెలవు తీసుకుంటుంది. డాక్టర్ తన నీలం పెట్టె ఎక్కుతాడు. మర్నాడు ఆరిస్, అతని తోడబుట్టినవాడు ఏం మాట్లాడుకున్నారో, అసలు మాట్లాడుకునే అవసరం వాళ్ళకుందో లేదో, మనకు చెప్పరు. మన మల్లు దొర మాత్రం అండమాన్ వెళ్ళి, తిరిగి వచ్చి, 1952 ఎన్నికల్లో గెలిచి విశాఖపట్నం తరఫున లోక్‌సభలో కూర్చున్నాడు. బెయిలీ 1983లో 'స్నేక్‌డాన్స్' అని రెండో కథ రాశాడు. మార తిరిగి వచ్చింది, టీగన్ తిరిగి వచ్చింది, కథ జరిగింది మాత్రం మనుస్స అనే ఇంకో గ్రహం మీద. అందులో దేవలోకానికి మళ్ళీ వెళ్ళినవాళ్ళు ఎవరూ లేరు.